పాండాన్ పాటల చోరీ

నిఖిల ఏడుస్తూ రాలేదు. ఏడవడం అయిపోయాక వచ్చింది. కళ్ళు ఉబ్బి, ముక్కు ఎర్రబడి, గొడుగు ముయ్యడం కూడా మరిచిపోయి గుమ్మంలో నిలబడ్డ ఆ అమ్మాయిని చూసి మహీధర్ గబగబా కుర్చీ జరిపాడు. సింగపూర్ సెరంగూన్ రోడ్డు పక్క సందులో, పూలదండల కొట్టు పైనున్న ఆ గదికి వచ్చేవాళ్ళలో సగంమంది మొగుళ్ళ మీద అనుమానంతో వచ్చే ఆడవాళ్ళు, మిగతా సగం పెళ్ళాల మీద అనుమానంతో వచ్చే మగవాళ్ళు. ఈ అమ్మాయి ఆ రెండు రకాలూ కాదని అతనికి చూడగానే తెలిసిపోయింది.

"కోటేశ్వరి ఆంటీ అంటే..."

"నేనేనమ్మా. గొడుగు బయట పెట్టి కూచో. మకాన్ అయిందా, ఏమైనా తెప్పించనా?"

తినాలని లేదన్నట్టు నిఖిల తల అడ్డంగా ఊపింది.

కోటేశ్వరికి యాభై దాటాయి. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చిన మనిషి. ఈవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఆవిడ తెలుగులో అరవం, మలయ్ ఎక్కడపడితే అక్కడ దొర్లుతుంటాయి. చాలా ఏళ్ళు బీమా కంపెనీకి దొంగ క్లెయిములు పట్టిచ్చి, తర్వాత లైసెన్సు తీసుకుని సొంతంగా ఈ డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. హైదరాబాద్ విమానాలు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళతో నిండిపోతున్న ఆ రోజుల్లో మహీధర్ కూడా అలాగే వచ్చి దిగాడు. దిగిన ఏడాదికే కంపెనీ మూతపడింది. వరంగల్ వెళ్ళి మొహం చూపించలేక రోడ్లు కొలుస్తున్నవాణ్ణి ఆవిడ పనిలో పెట్టుకుంది. అప్పట్నుంచి ఆవిడ తుమ్మినా అందులో ఏదో ఆలోచన ఉందని నమ్మే స్థితికి వచ్చాడు మహీధర్.

"ఇప్పుడు చెప్పు," అంది కోటేశ్వరి.

"నేను పాండాన్ రికార్డ్స్‌లో కంప్యూటర్లు చూసుకుంటానండీ. ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో. మాది కాకినాడ."

పాండాన్ గొడవ అప్పటికే పేపర్లలో నలుగుతోంది. సియోల్‌లో సెబ్యోక్ అనే పెద్ద పాటల కంపెనీ ఉంది. దాని పిల్ల కంపెనీ ఈ పాండాన్. యూన్ హే-రాన్ అనే ఆవిడ చేతికి దీన్ని అప్పగించి, ఈ ప్రాంతానికి సరిపడే ఒక అమ్మాయిల బృందాన్ని తయారుచెయ్యమన్నారు. ఆవిడ నలుగురమ్మాయిల్ని ఏరి, రుబ్బి, నిలబెట్టింది. వాళ్ళ పాట ఊరూరా మోగేసరికి తల్లి కంపెనీ కన్ను వాళ్ళ మీద పడింది. బృందాన్ని సియోల్ తీసుకుపోతామంది. పాటల మీద చివరి మాట నాదేనని ఒప్పందంలో ఉంది, పొమ్మంది యూన్. వ్యవహారం మధ్యవర్తుల ముందుకి వెళ్ళింది. యూన్ నమ్మకద్రోహం చేసిందని రుజువైతే చాలు, ఆ ఒప్పందం చెల్లదు. ఆవిడ కట్టుబట్టలతో బయటికి పోవాలి.

"పోయిన గురువారం, అందరూ భోజనాలకి వెళ్ళిన టైములో, రికార్డింగ్ గది తలుపు నా కార్డుతో తెరుచుకుందండీ," అంది నిఖిల. "లోపలి మిషన్‌కి ఎవరో డిస్కు తగిలించి, ఇంకా విడుదల కాని పాటలన్నీ ఎక్కించుకున్నారు. మర్నాడు సియోల్ లాయర్లొచ్చి నేరుగా నా సొరుగే లాగారు. డిస్కు అందులో ఉంది."

"నేరుగా నీదే?"

"నాదే. ఇంకెవరి సొరుగూ ముట్టుకోలేదు."

"ఆ టైములో నువ్వెక్కడున్నావు?"

"రోడ్డవతల హాకర్ సెంటర్‌లో, ఆ తిండి స్టాళ్ళ దగ్గర. గురువారం నేను నీచు తిననండీ, బాబాకి మొక్కు. అక్కడ వెజిటేరియన్ బీహూన్ నూడుల్స్ అమ్మేది ఒక్క స్టాలే. లైను చాంతాడంత ఉంటుంది. నిలబడి తెచ్చుకుని తిన్నా, ఒక్కదాన్నే. పైగా రోజూ కూచునే వైపు ఆ రోజు కడుగుతున్నారని తాడు కట్టేశారు. ఆ చివర పళ్ళరసం కొట్టు పక్కన కూచున్నా. అటు నేనెప్పుడూ పోను. ఎక్కడ కూచున్నావని ఆఫీసులో ఎవరైనా అడిగితే కదా చెప్పడానికి! వాళ్ళడిగింది ఒకటే. కార్డు ఎవరికైనా ఇచ్చావా అని."

"ఇచ్చావా?"

"లేదాంటీ. నా దగ్గర్నుంచి కదల్లేదు. అదే చెప్పా. అదే రాయించుకుని సంతకం తీసుకున్నారు." నిఖిల బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. "యూన్ మేడమే బయటికి తరలించడానికి డిస్కులోకి ఎక్కించమంది అని సోమవారం విచారణలో చెప్పాలట. చెబితే నన్ను వదిలేస్తారట. లేకపోతే పోలీస్ కంప్లయింట్. ఆవిడ చెప్పలేదండీ! చెప్పిందని నేనెలా అనేది? అనకపోతే దొంగనై జైలుకి పోతాను. మా నాన్న కాకినాడలో లెక్కల మాస్టారు, ఊళ్ళో సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆయన వీధిలోకెలా వస్తారు?"

ఆ అమ్మాయి తన బ్యాగులోంచి చిన్న టిష్యూ ప్యాకెట్ తీసి కళ్ళు తుడుచుకుంది. సగం వాడిన ప్యాకెట్. దాని మీద బంగారు రంగు అక్షరాలు.

"సెలాట్ గ్రాండ్," అని చదివింది కోటేశ్వరి. "అంత ఖరీదు హోటల్‌కి ఎప్పుడెళ్ళావమ్మా?"

"నేనా? లేదండీ. ఎక్కడిదో, బ్యాగులో ఉంది."

"ఈ ఊళ్ళో నీకెవరైనా ఉన్నారా?"

ఆ మాటకి నిఖిల మొహంలో కాస్త ప్రాణం వచ్చింది. "కృష్ణప్రసాద్ అన్నయ్య ఉన్నారండీ. మా ఆఫీసులోనే, ఒప్పందాలూ కాగితాలూ చూస్తారు. ఈ ఉద్యోగం చెప్పింది ఆయనే. నేను దిగిన రోజు ఎయిర్‌పోర్టుకొచ్చి, ఎస్కలేటర్ మీద ఎడమపక్క నిలబడాలని, హాకర్ సెంటర్‌లో టేబుల్ ఎలా పట్టుకోవాలో, రైల్లో ఏం తినకూడదో, అన్నీ నేర్పారు. ఆదివారం నా భోజనం పాసిర్ రిస్‌లో వాళ్ళింట్లోనే. సీతాదేవి వదిన గోంగూర చేస్తే నాకో డబ్బా తీసి పక్కన పెడుతుంది. ఆయన కూడా సోమవారం వాళ్ళు చెప్పమన్నట్టు చెప్పెయ్యమనే అంటున్నారు. నా మంచి కోరే అనుకోండి."

కోటేశ్వరి ఆ టిష్యూ ప్యాకెట్‌ని తన దగ్గర వదిలి వెళ్ళమంది.

మర్నాడు ఇద్దరూ పాండాన్ ఆఫీసుకి వెళ్ళారు. మామూలు ఫ్యాక్టరీ బిల్డింగులో ఒక అంతస్తు. అద్దాల గోడ వెనక నలుగురమ్మాయిలు ఒకే అడుగు మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. కంపెనీ ఎవరిదవుతుందో తెలియదు, పాట ఎవరిదవుతుందో తెలియదు, చెమట మాత్రం వాళ్ళదే. మహీధర్‌కి ఎందుకో ఒళ్ళు మండింది.

యూన్ హే-రాన్ నల్లబట్టల్లో, నల్లబల్ల వెనక కూచుని ఉంది. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా, పదునుగా మాట్లాడుతుంది.

"సియోల్ వాళ్ళు నన్ను హోటల్‌కి రమ్మన్నారు. ఆ గడప తొక్కనన్నాను. మాట్లాడాలంటే లాయర్ల ముందే."

"గురువారం భోజనం ఎక్కడ చేశారు?"

"ఈ కుర్చీలోనే. రోజూ డబ్బాలో వస్తుంది. నాతోపాటు మా లాయర్లు ఇద్దరున్నారు, అడగండి. హాకర్ సెంటర్ కిటికీలోంచి చూడ్డమే."

"నిఖిల ఈ పని చేసుంటుందనుకుంటున్నారా?"

"మంచి పిల్ల. నా కంపెనీలో అందరం ఒక కుటుంబం," అంది యూన్. ఆ వెంటనే, గొంతు మార్చకుండా, "కానీ సోమవారం నాకు ఎదురు చెబితే నేనూ ఊరుకోను," అని కూడా అంది.

రికార్డింగ్ ఇంజనీరు జెరాల్డ్ మాట చివర 'లా' తగిలించే ఈ దేశం పిల్లాడే. అడక్కముందే చేతులెత్తేశాడు. "నేను లేను లా! ఆ వారమంతా రిజర్విస్ట్ డ్యూటీ, ఆర్మీ క్యాంపులో బురదలో దొర్లుతున్నా. నా కార్డు కూడా ఇక్కడే సొరుగులో ఉంది. పాటలు దొంగిలించాలంటే నాకు ఇంకొకరి కార్డెందుకు?" మహీధర్ క్యాంపుకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. నిజమే.

సియోల్ నుంచి వచ్చిన డైరెక్టర్ కాంగ్ సూటు విప్పకుండా చెమటలు కక్కుతున్నాడు. సింగపూర్ రావడం ఇదే మొదటిసారట. కారులో తిరగడం, హోటల్‌లో తినడం తప్ప ఊరు చూడనే లేదట. మాటకొకసారి జేబులోంచి టిష్యూ తీసి మెడ తుడుచుకుంటున్నాడు. ప్యాకెట్ మీద బంగారు రంగు అక్షరాలు చూసి మహీధర్ కోటేశ్వరి వైపు తిరిగాడు.

"ఈ టిష్యూ బాగుందే, షాపుల్లో దొరుకుతుందా?" అంది కోటేశ్వరి, ఏమీ తెలియనట్టు.

"హోటల్ వాళ్ళిచ్చారు. మా అంతస్తులో మీటింగ్ గదికి వచ్చినవాళ్ళకే ఇస్తారట."

"పాండాన్ వాళ్ళెవరైనా ఆ గదికి వచ్చారా?"

"యూన్ రాలేదు. మిగతావాళ్ళెవరో నాకు తెలియదు," అన్నాడు కాంగ్, మళ్ళీ మెడ తుడుచుకుంటూ.

చివరగా కృష్ణప్రసాద్. నలభై దాటిన మనిషి, నవ్వుమొహం. తెలుగు మాట వినగానే లేచి నిలబడి, ఇద్దరికీ తనే కాఫీ తెచ్చిపెట్టాడు.

"ఆంటీ, మీరొచ్చారు, నాకు ధైర్యం వచ్చిందండీ. నిఖిల నాకు చెల్లెలితో సమానం. ఆ రోజు నేనుంటే ఇంత జరగనిచ్చేవాణ్ణి కాదు. సీతకి జ్వరమని సెలవు పెట్టా. పాసిర్ రిస్‌లో ఇల్లు కదల్లేదు. మర్నాడు లాయర్లొస్తే గానీ తెలీదు."

"కాంగ్ గారితో మీకు పరిచయమా?"

"ఈ ఆఫీసులో ఎదురుపడితే తల ఊపడమే. పెద్ద పెద్దవాళ్ళు కొట్టుకుంటుంటే మధ్యలో మనబోటివాళ్ళమేగా నలిగేది. అసలు మీరే చెప్పండి, పళ్ళరసం కొట్టు పక్కన ఒక్కతే కూచుని బీహూన్ తింటున్న పిల్లని పట్టుకుని దొంగంటారా? ఎంత అన్యాయం! కానీ కార్డు దానిది, సొరుగు దానిది. అందుకే చెప్పెయ్యమన్నా. మొండికేస్తే నష్టం దానికేగా."

కోటేశ్వరి కాఫీ చివరి చుక్కదాకా తాగి, చాలా బాగుందని చెప్పి లేచింది.

లిఫ్టులోకి అడుగుపెట్టగానే మహీధర్ ఆగలేకపోయాడు. "ఆంటీ, కాంగ్ చేతుల టిష్యూ చూసిన్రా? నిఖిల దగ్గరున్నది గదే! ఇంకేం గావాలె? గీయనే చేసిండు!"

"టిష్యూ ఆయన హోటల్‌ది తంబీ. చెయ్యి ఎవరిదో ఇంకా తెలీదు. ముందు ఆ టిష్యూ నిఖిల బ్యాగులోకి ఎలా వచ్చిందో చూద్దాం. నిఖిలని రమ్మను. గురువారం ఎలా తిన్నదో అలాగే మళ్ళీ తినమందాం."

హాకర్ సెంటర్ కిటకిటలాడుతోంది. ట్రేలు పట్టుకున్న ఆఫీసు జనం ఖాళీ టేబుల్ కోసం కళ్ళతో వేట సాగిస్తున్నారు. నిఖిల పళ్ళరసం కొట్టు పక్కకి తీసుకెళ్ళింది. ఒక టేబుల్ అప్పుడే ఖాళీ అయింది. నిఖిల చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్ళింది. అక్కడేమీ తగల్లేదు. ఒక క్షణం తడుముకుని, చంకలోని గొడుగు తీసి టేబుల్ మీద పడేసి, స్టాల్ వైపు నాలుగడుగులు వేసింది.

"ఆగమ్మా," అంది కోటేశ్వరి. "మెడ దగ్గర ఏం వెతికావు?"

"కార్డండీ. ఆఫీసువాళ్ళు తీసేసుకున్నారుగా, మరిచిపోయా."

"కార్డుతో ఇప్పుడేం పని?"

"చోప్ చెయ్యడానికి." ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది నిఖిల. ఈ ఊళ్ళో ఎవరినైనా అడగండి. టేబుల్ మీద ఏదో ఒక వస్తువు పెట్టి తిండి కోసం లైనుకి పోవడమే చోప్. టిష్యూ ప్యాకెట్, గొడుగు, ఆఫీసు వాళ్ళయితే మెళ్ళో కార్డు. అది ఉన్నంతసేపూ ఆ టేబుల్ వాళ్ళది. ఎవరూ కూచోరు, ఎవరూ ముట్టుకోరు. మహీధర్ కూడా ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రోజూ చేసిన పనే.

"గురువారం కూడా కార్డే పెట్టావా?"

"రోజూ అదే..." మాట మధ్యలోనే నిఖిల మొహం తెల్లబోయింది. పక్క బెంచీ పట్టుకుని మెల్లగా కూచుంది. "ఆంటీ. కార్డు నా దగ్గర్నుంచి కదల్లేదని సంతకం పెట్టానే!"

"నీ లెక్కలో కదల్లేదు. ఎవరి చేతికీ ఇవ్వలేదు, ఎక్కడా పారేసుకోలేదు. టేబుల్ మీద పెట్టావంతే. ఈ ఊరి గాలి పట్టినవాళ్ళకి అది పోగొట్టుకోవడం కింద లెక్కే కాదు. తినడానికి వచ్చేసరికి టేబుల్ మీద ఏముంది?"

నిఖిల కళ్ళు మూసుకుంది. "కార్డు ఉంది. పక్కన టిష్యూ ప్యాకెట్ కూడా. ఎవరో టిష్యూలమ్మే ముసలమ్మ వదిలేసిందనుకుని బ్యాగులో వేసుకున్నా."

"గా సంగతి ముందే చెప్పొద్దా?" అన్నాడు మహీధర్, తల పట్టుకుని.

"ఎలా చెబుతుంది తంబీ? నువ్వూ ఆ పనే చేశావుగా రోజూ. నీకు మాత్రం తట్టిందా?" అంది కోటేశ్వరి. ఆవిడ మొహంలో కేసు తేలిన సంతోషం ఏమాత్రం లేదు.

విచారణకి ముందు రోజు, ఆదివారం, జనం పల్చబడ్డాక అందరినీ ఆ హాకర్ సెంటర్‌కే పిలిపించింది కోటేశ్వరి. అసలు దొంగని చూపిస్తానంది. ఎదుటివాళ్ళని దెబ్బతీసే సాక్ష్యం దొరుకుతుందన్న ఆశతో రెండు పక్షాలూ వస్తామన్నాయి. పళ్ళరసం కొట్టు పక్క టేబుల్ మీద మహీధర్ తన పాత కంపెనీ కార్డు పెట్టాడు. ఇద్దరూ దూరంగా స్తంభం పక్కన నిలబడ్డారు.

ముందు కాంగ్ వచ్చాడు. టేబుల్ దగ్గర ఆగి కార్డు చూశాడు. అటూ ఇటూ చూసి, తీసుకుని, పళ్ళరసం కొట్టతనికి ఇవ్వబోయాడు. "ఎవరో పోగొట్టుకున్నారు."

కొట్టతను పకపకా నవ్వాడు. "పోగొట్టుకోలేదు లా! అక్కడే పెట్టెయ్యి, అక్కడే పెట్టెయ్యి."

కాంగ్ అయోమయంగా కార్డు తిరిగి పెట్టాడు. తర్వాత యూన్ వచ్చి స్టూలు రుమాలుతో తుడుచుకుని కూచుంది. జెరాల్డ్ చల్లటి చెరుకురసంతో వచ్చాడు. ఆఖర్న కృష్ణప్రసాద్, నిఖిలని వెంటబెట్టుకుని. దారిలో ఏడ్చిందేమో, ఆమె భుజం తడుతూ తీసుకొచ్చాడు. కోటేశ్వరి ఆ చేతి వంక ఒకసారి చూసి, మొదలుపెట్టింది.

"గురువారం ఈ టేబుల్ మీద నిఖిల కార్డు పెట్టి బీహూన్ లైనుకి వెళ్ళింది. ఒకరు ఆ కార్డు తీశారు. ఊరికే తీస్తే టేబుల్ ఇంకొకరు ఆక్రమిస్తారు, నిఖిలకి అనుమానం వస్తుంది. అందుకని కార్డు స్థానంలో టిష్యూ ప్యాకెట్ పెట్టారు. రోడ్డు దాటి, ఆ కార్డుతో గది తెరిచి, పాటలు డిస్కులోకి ఎక్కించుకుని, డిస్కుని ఆ పిల్ల సొరుగులో వేసి వచ్చారు. కార్డు టేబుల్ మీద పెట్టేసరికి నిఖిల ట్రేతో వచ్చేస్తోంది. టిష్యూ తీసుకునే వ్యవధి లేకపోయింది. ఇదిగో ఆ ప్యాకెట్."

కాంగ్ చెయ్యి తెలియకుండానే జేబు మీదికి పోయింది.

"అవును, మీ హోటల్‌దే. కానీ మీరు కాదు," అంది కోటేశ్వరి. "టేబుల్ మీద కార్డు కనిపిస్తే పోగొట్టుకున్న వస్తువని తీసి అప్పగించబోయే మనిషి, దాని బదులు టిష్యూ పెట్టాలని ఎలా అనుకుంటాడు? ఇది ఈ ఊరు వంటబట్టినవాళ్ళ పని. యూన్ గారు తన కుర్చీలోనే తిన్నారు, లాయర్ల ఎదుట. జెరాల్డ్ క్యాంపులో ఉన్నాడు. ఇక మిగిలింది ఈ ఊరి పద్ధతి తెలిసిన మనిషి, గురువారం నిఖిల చాలాసేపు లైనులో ఉంటుందని తెలిసిన మనిషి, కాంగ్ గారి మీటింగ్ గదికి వెళ్ళొచ్చిన మనిషి."

ఆవిడ కృష్ణప్రసాద్ వైపు తిరిగింది. అప్పటిదాకా ఇంగ్లీషులో మాట్లాడిన మనిషి తెలుగులోకి దిగింది.

"బాబూ, ఆ రోజు మీరు ఇల్లు కదల్లేదన్నారు. మరి పళ్ళరసం కొట్టు పక్కన ఒక్కతే కూచుని తింటోందని ఎలా తెలిసింది?"

కృష్ణప్రసాద్ నవ్వబోయాడు. "అదేంటాంటీ, నిఖిలే చెప్పుంటుంది..."

"చెప్పలేదన్నయ్యా," అంది నిఖిల.

చాలా చిన్న గొంతుతో అంది. అయినా అందరికీ వినబడింది.

"రోజూ ఆ వైపు కూచుంటాను కదా. ఆ రోజు అటు తాడు కట్టారు. ఇటు కూచున్న సంగతి ఆంటీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు."

కృష్ణప్రసాద్ నవ్వు ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయింది. టేబుల్ వంక చూస్తూ మాట్లాడాడు. "ఎన్నేళ్ళు గొడ్డుచాకిరీ చేసినా ఈ కంపెనీల్లో సంతకం పెట్టే కుర్చీ మనకివ్వరమ్మా. యూన్ పోతే ఇక్కడి ఆఫీసు నాదే అన్నారు. నీకేం కాదనుకున్నా. ఆవిడ చెయ్యమంది అంటావు, నిన్ను వదిలేస్తారు, రెణ్ణెల్లకి అందరూ మర్చిపోతారు అనుకున్నా. నువ్వింత మొండిగా నిజం పట్టుకుని కూచుంటావని నాకేం తెలుసు?"

"చోప్ చెయ్యడం మీరే నేర్పారు కదండీ," అంది నిఖిల. "దిగిన రోజే. ఇక్కడికే తీసుకొచ్చారు. నేను కార్డు పెట్టడానికి భయపడితే, ఈ ఊళ్ళో టేబుల్ మీద ఏం పెట్టినా ఎవరూ ముట్టుకోరమ్మా, ఇది మన ఊరు కాదు అన్నారు. అదే రోజు ఫోన్లో మా నాన్నకి చెప్పా, ఎంత గొప్పగా చెప్పానో!"

కృష్ణప్రసాద్ ఆమె వైపు వంగాడు. చెయ్యి చాచాడు కూడా. నిఖిల స్టూలు వెనక్కి జరుపుకుంది.

విన్నదంతా కోటేశ్వరి మిగతావాళ్ళకి ఇంగ్లీషులో చెప్పింది. మహీధర్ ఎదురుచూసిన గట్టి మాటలేవీ ఆ తర్వాత రాలేదు. కాంగ్ ప్రశాంతంగా నుదురు తుడుచుకుని, "మేము సాక్ష్యం దొరికితే ఇవ్వమన్నాం. తయారుచెయ్యమనలేదు. ఈయన ఎవరో మాకు సరిగ్గా తెలియను కూడా తెలియదు," అన్నాడు. యూన్ లేచి అతని పక్కకి వెళ్ళింది. ఇద్దరూ కొరియన్‌లో, గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. నెలల తరబడి లాయర్లు లేకుండా ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, అంతసేపు ఒక గోడ పక్కన నిలబడి మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చేసరికి యూన్ మొహం వెలిగిపోతోంది.

విచారణ జరగలేదు. రెండు పక్షాలూ రాజీ పడ్డాయి. ఈ దొంగతనం బయటికి రాకుండా ఉండటానికి సియోల్ దిగొచ్చింది. యూన్ తన పేరుతో వేరే కంపెనీ పెట్టుకోవడానికి అనుమతి, దానికి కావలసిన సరంజామా అన్నీ పుచ్చుకుంది. నలుగురమ్మాయిల్ని మాత్రం సియోల్‌కే వదిలేసింది. సియోల్ ఆ పిల్లల్ని తీసుకుపోయి, కొత్త పాటలతో సహా అటక ఎక్కించింది. పాండాన్ మూతపడింది. నిఖిల మీద నేరమేమీ లేదని రాసిచ్చారు, ఉద్యోగం కూడా లేదని దానితోపాటే రాసిచ్చారు. ఒక కుటుంబం అన్న ఆవిడ ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు. కృష్ణప్రసాద్ తనంతట తను మానేసినట్టు కాగితాల మీద ఉంది.

"నువ్వు పో, పోలీసులకు చెప్పు," అని మహీధర్ నిఖిలతో వాదించాడు. "వాడు నిన్ను జైలుకి పంపేటోడు!"

"సీతాదేవి వదిన ఫోన్ చేసిందండీ. ఏమీ అడగలేదు. ఏడ్చింది, పెట్టేసింది," అంది నిఖిల. అంతకంటే చెప్పలేదు. పోలీసుల దగ్గరికి వెళ్ళనూ లేదు.

మహీధర్ ఆ కోపం కోటేశ్వరి మీద చూపించాడు. "గింత చేసి ఏం లాభమాంటీ? గెలిచినోళ్ళు గెలిచిన్రు. గా పిల్ల రోడ్డు మీద పడ్డది."

"దొంగ అన్న మాట పోయింది తంబీ. వాళ్ళ నాన్న వీధిలోకి రావచ్చు. నన్ను అడిగింది అదే, నేను చెయ్యగలిగిందీ అంతే," అంది ఆవిడ. "నిజాన్ని ఆ ఇద్దరూ వాడుకున్నారు. దానికి నాకూ ఒళ్ళు మండుతోంది. నీకొక్కడికే అనుకున్నావా?"

నిఖిల కాకినాడ తిరిగి వెళ్ళే రోజు పొద్దున, ఏదైనా తిని వెళ్ళమని కోటేశ్వరి బలవంతం చేసింది. టెక్కా హాకర్ సెంటర్‌లో జనం అప్పుడే మొదలయ్యారు. ముగ్గురికీ ఒక టేబుల్ దొరికింది. కోటేశ్వరి అలవాటుగా బ్యాగులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి టేబుల్ మీద పెట్టబోయి, నిఖిల మొహం చూసి, మళ్ళీ బ్యాగులో వేసుకుంది.

"దోశలు తెచ్చుకుందాం, రండి," అన్నాడు మహీధర్.

"మీరెళ్ళి తెచ్చుకోండి," అంది నిఖిల. "నేను కదలను."

వాళ్ళు లైనులో నిలబడి వెనక్కి తిరిగి చూశారు. ఒక పెద్దాయన ట్రేతో ఆ టేబుల్ దగ్గరికొచ్చి, పక్క కుర్చీ ఖాళీయేనా అని అడుగుతున్నాడు. నిఖిల తల అడ్డంగా ఊపింది. రెండు చేతులూ టేబుల్ మీద ఆనించి, వాళ్ళు తిరిగొచ్చేదాకా అలాగే కూచుంది.